పూరింటిలోని సామానుకు బీమా

(ఫెడరేషను కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జీతభత్యములను గురించి, పింఛనును గురించి మిత్రులు ఈ తరగతిలో విపులముగా మాట్లాడినారు. మాకు అప్పగించిన విషయము చిన్నదిగా కనబడును. పూరింటిలో కాపురమున్న వాని సామానుకు బీమా ఎట్లు అన్నదే ఆ విషయము. “ఈ కాలములో పూరిండ్లు ఎక్కడ ఉన్నవి? మన వారందరు క్వార్టర్లలోనో, డాబాలలోనో ఉన్నారు గదా” అని ఉదయము కొందరు మిత్రులు నవ్వినారు. ముందు వారికి సమాధానము చెప్పవలసియున్నది.

బ్రాంచి పోస్టాఫీసు నడుపుటకు చోటు తామే చూపవలసిన గ్రామీణ డాక్ సేవకులు మన సంఘములోని వారే. వారిలో తాటాకు కప్పు క్రింద ఉన్నవారు నేటికిని కలరు. స్టేషన్ల శుభ్రతలో, లైను పనులలో కాంట్రాక్టర్ల క్రింద శ్రమించువారిలో ఎందరో గుడిసెలలోనే జీవించుచున్నారు. క్వార్టరులో ఉన్న ట్రాక్‌మన్‌కు సైతము తల్లిదండ్రులు ఉన్న ఇల్లు ఊరిలో కలదు. ఆ ఇంటి కప్పు ఏమిటో ఆయననే అడుగుడు.

మా అనుభవమొకటి చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట వేసవిలో ఒక తీరగ్రామములో గడ్డివాము అంటుకొన్నది. గాలి తోడై వరుసగా ఇండ్లు కాలిపోయినవి. వానిలో మన బ్రాంచి పోస్టుమాస్టరు ఒకరి ఇల్లు కూడ ఉన్నది. చందాలు పోగుచేసికొని మేము వెళ్ళునప్పటికి ఊరివారు తాటాకులు కొట్టి తెచ్చినారు, వాసములు ఇచ్చినారు, కూలి తీసికొనక కప్పు వేయుచున్నారు. పది దినములలో ఇల్లు నిలిచినది. కాని ఆ ఇంటిలో పెట్టుకొనుటకు ఏమియు లేదు. ఆయన భార్య కుట్టుమిషను, రెండు బస్తాల బియ్యము, పిల్లవాని చదువు పుస్తకములు, పరుపులు, పండుగకు కొన్న బట్టలు, పెట్టెలోని నోట్లు, అన్నియు బూడిదయైనవి. ఊరు ఇల్లు కట్టి ఇచ్చినది గాని సామాను ఇవ్వలేకపోయినది. ఇచ్చుటకు వారి యిండ్లలో మాత్రము ఏమున్నది?

ఆయనకు బీమా పాలసీ ఉన్నది. అయినను క్లెయిము తిరస్కరింపబడినది. కారణమేమి? ప్రతిపాదన పత్రములో ఇంటి కప్పు అనుచోట “కాంక్రీటు” అని వ్రాయబడియున్నది. సర్వేయరు వచ్చి చూచినది తాటాకు బూడిదను. ఆ పత్రమును నింపినది ఏజెంటు కాదు. మా యూనియన్ ఆఫీసులో, మా బల్ల మీదనే, ప్రీమియము తగ్గునను ఆశతో మేమే నింపినాము. ఆయన మమ్ము ఒక్క మాట అనలేదు. “నిజమే వ్రాసియుంటే డబ్బు వచ్చేదా అన్నగారూ?” అని మాత్రము అడిగినారు. ఆ దినము మేము సమాధానము చెప్పలేకపోయినాము. ఆ తరువాత తెలిసికొన్నదే నేడు మీ ముందుంచుచున్నాము.

సాధారణ బీమా వ్యాపారము 1973 జనవరి 1 నుండి జాతీయము చేయబడినది. 107 సంస్థలు నాలుగు కంపెనీలుగా కలిసినవి. 1988 మే నెలలో గ్రామీణ పేద కుటుంబముల కొరకు కేంద్ర ప్రభుత్వము గుడిసెల బీమా పథకమును ప్రవేశపెట్టినది. అగ్నిప్రమాదములో గుడిసె కాలినచో 1,000 రూపాయలు, అందలి సామానుకు 500 రూపాయలు ఇచ్చునట్లు ఏర్పాటైనది. పేదవాడు ప్రీమియము కట్టనక్కరలేదు. ఉద్దేశము మంచిదే. కాని ఆ లెక్కను పరికింపుడు: గుడిసె రెండు పాళ్ళు, సామాను ఒక పాలు. పూరింటి సంసారములో లెక్క దీనికి తలక్రిందులుగా ఉండును. కప్పు ఊరిలో దొరకును. సామాను అంగడిలో రొక్కమునకే దొరకును.

నేటి పరిస్థితి యేమి? 2021 ఏప్రిల్ 1 నుండి బీమా నియంత్రణ సంస్థ ఆదేశముపై “భారత్ గృహ రక్ష” అను పాలసీ అమలులోనికి వచ్చినది. అగ్ని, పిడుగు, తుఫాను, వరద, భూకంపము మొదలగు వానివలన కలుగు నష్టము దీనిలో చేరినది. అట్టి ప్రమాదము జరిగిన ఏడు దినములలోపల సామాను దొంగలు ఎత్తుకొనిపోయినను పరిహారము కోరవచ్చును. ఇంటికి మాత్రమే గాని, సామానుకు మాత్రమే గాని, రెంటికిని గాని ఈ పాలసీ తీసికొనవచ్చును. అద్దె ఇంటిలో ఉన్నవారికి కూడ ఇది పనికివచ్చును.

ఇందులో ఒక సంగతి ప్రతి కార్యకర్తయు గుర్తుంచుకొనవలెను. ఇంటికి బీమా చేసినచో దాని మొత్తములో 20 శాతము వరకు, 10 లక్షల రూపాయలకు మించకుండ, సామానుకు దానంతట అదే రక్షణ లభించును. 30 లక్షల డాబా గలవానికి 6 లక్షల సామాను రక్షణ వచ్చినది. బాగున్నది. 60,000 రూపాయల పూరిల్లు గలవానికి ఎంత వచ్చినది? 12,000 మాత్రమే. ఒక కుట్టుమిషను, ఒక టీవీ, రెండు బస్తాల బియ్యముతోనే అది దాటిపోవును. కావున పూరింటివాడు ఈ 20 శాతమును నమ్ముకొనరాదు. సామాను విలువను వేరుగా ప్రకటించి, ఆ మొత్తమునకే బీమా వ్రాయించుకొనవలెను.

ఇక పత్రములో ఏమి వ్రాయవలెను? ఇల్లు పక్కాదా, కచ్చాదా అని అడుగుదురు. గోడలు గాని, కప్పు గాని ఆకులతో, గడ్డితో, వెదురుతో, చెక్క పలకలతో, టార్పాలిన్ వంటి వానితో కట్టినచో అది కచ్చా నిర్మాణమని బీమా నిర్వచనము. అనగా పూరిల్లు బీమావారికి తెలియని వస్తువు కాదు. ప్రీమియము ఎక్కువ అడుగవచ్చును. కొన్ని కార్యాలయములు వెనుకాడవచ్చును. ఇంగ్లండులో గడ్డి కప్పు ఇండ్లు నేటికిని ఉన్నవి. వానిలో ఉండువారు అధికభాగము స్థితిమంతులు. పొగగొట్టము శుభ్రము చేయించవలెననియు, విద్యుత్ తీగలు పరీక్షింపజేయవలెననియు షరతులు పెట్టి, ఎక్కువ ప్రీమియము తీసికొని, అక్కడి కంపెనీలు వానికి బీమా ఇచ్చుచున్నవి. గడ్డి కప్పు కాబట్టి బీమా అసాధ్యమని మనకు చెప్పువారికి ఈ ఉదాహరణము చూపవలెను.

నిజము వ్రాసి ఎక్కువ ప్రీమియము కట్టినవానికి హక్కు ఉన్నది. అబద్ధము వ్రాసి తక్కువ కట్టినవాని చేతిలో కాగితమే ఉన్నది. మా పోస్టుమాస్టరుగారి విషయములో మేము నేర్చుకొన్న పాఠమిదే.

పాలసీలో చేరని వస్తువులు కూడ ఉన్నవి. ప్రత్యేకముగా వ్రాయించిననే తప్ప కరెన్సీ నోట్లకు, పత్రములకు, వాహనములకు పరిహారము రాదు. నగలకు వేరుగా వ్రాయించుకొనవలెను. తపాలా సోదరులకు ఈ విషయము మనకంటె బాగుగా తెలియును. పెట్టెలో దాచిన నోటు కాలినచో పోయినట్లే. పోస్టాఫీసులో దాచిన రూపాయి కాలదు. పాస్‌బుక్కు కాలినను దరఖాస్తుపై నకలు లభించును. ఈ మాటను పూరిండ్ల వీధులలో చెప్పుటకు మీకంటె తగినవారు లేరు.

ప్రభుత్వ సహాయము ఉన్నది గదా అని కొందరందురు. విపత్తు సహాయ నిధి ప్రమాణములను 2022లో సవరించినపుడు గుడిసెకు 8,000 రూపాయలు, ఇల్లు పూర్తిగా నష్టపోయిన కుటుంబమునకు బట్టలకు 2,500, పాత్రలు, ఇంటి సామానుకు 2,500 నిర్ణయించినారు. అది ఆకలి తీర్చు సహాయమే గాని నష్టపరిహారము కాదు. తపాలా జీవిత బీమా 1884 నుండి ఉన్నది. అది ప్రాణమునకు గాని సామానుకు కాదు. గ్యాసు సిలిండరు వలన ప్రమాదము జరిగినచో మాత్రము మరియొక మార్గము కలదు. చమురు కంపెనీలు తామే ప్రీమియము కట్టి తీసికొను బీమా క్రింద, రిజిస్టరైన చిరునామాలో జరిగిన ఆస్తినష్టమునకు పరిమితిలో పరిహారము కోరవచ్చును. వెంటనే డీలరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఈ సంగతి తెలియక ఎన్నో కుటుంబములు ఊరకున్నవి.

క్లెయిము తిరస్కరింపబడినచో అక్కడితో ఆగరాదు. ముందు కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెల దినములలో న్యాయము జరుగకున్న, లేక తిరస్కరించిన, ఒక సంవత్సరములోపల బీమా అంబుడ్స్‌మన్‌కు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తెలుగువారికి ఆ కార్యాలయము హైదరాబాదులో ఉన్నది.

ఇక శాఖలు చేయవలసిన పని. మొదటిది, ఈ వేసవి రాకమునుపే ప్రతి శాఖ తన సభ్యులలో పూరిండ్లు గలవారి జాబితా వ్రాయవలెను. రెండవది, ప్రతి ఇంటి సామాను పట్టికను ఇంటి ఇల్లాలిని అడిగి వ్రాయవలెను. ఏ వస్తువు ఎప్పుడు, ఎంతకు కొన్నదో ఆమెకే తెలియును. గది గదికి ఫోటో తీసి ఊరిలో లేని బంధువునకు పంపి ఉంచవలెను. మా పోస్టుమాస్టరుగారు మూడవ దినమున కూడ పోయిన వస్తువులను ఒక్కొక్కటిగా జ్ఞాపకము చేసికొనుచునే ఉన్నారు. మూడవది, పత్రము నింపునపుడు మన చేతితో ఒక్క అబద్ధము వ్రాయరాదు. నాల్గవది, వంటింటిని విడిగా ఉంచుట, కప్పు గుండ తీగలు లాగకుండుట, అగ్నిమాపక కేంద్రపు 101 సంఖ్యను పిల్లలకు నేర్పుట మనము చెప్పవలసిన మాటలే.

ఫెడరేషను తరఫున మనము కోరవలసినది ఒక్కటే. పూరిండ్లలోని సామానుకు సామూహిక పాలసీ ఇవ్వవలెను. ప్రీమియమును మన సహకార పరపతి సంఘముల ద్వారా నెలనెల చెల్లించు వీలు కల్పించవలెను. డబ్బు కట్టుటకు మనవారు సిద్ధముగా ఉన్నారు. పుచ్చుకొనుటకు కంపెనీలు సిద్ధపడవలెను.

ఇల్లు కాలి ఒకడు ఏడ్చుచుండగా చుట్టకు నిప్పు అడిగినవాని సామెత మనకందరకు తెలిసినదే. కాలిన తరువాత చందాల డబ్బాతో వెళ్ళు సంఘము అంతటి పాపము చేయలేదు గాని, ఆలస్యము చేసినది. ఈసారి ముందుగా వెళ్ళుదము. చేతిలో నిజము వ్రాసిన పత్రముతో వెళ్ళుదము.