సముద్రతీరమున పరదేశ విద్యాభ్యాసము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



అగ్నికుల క్షత్రియులమగు మనకు సముద్రము క్రొత్తది కాదు. కోరంగి, ఉప్పాడ, అంతర్వేది తీరములయందు కెరటమును నమ్మి బ్రదికినవారి సంతతివారము. నేడు మన బిడ్డలు కొందరు ఆస్ట్రేలియా మొదలగు దేశములకు పోయి, అచ్చటి సముద్రతీర పట్టణములలో విద్య నభ్యసించుచున్నారు. వారికి ప్రయాణపు ఖర్చును, ఆశీర్వచనమును ఇచ్చి పంపుటతో మన పని ముగిసినదని తలంచుచున్నాము. దిగిన పిదప నచ్చట బ్రదుకు కుదుట పరచుకొనుట యెట్లను సంగతిని గూర్చియే నేడు ముచ్చటింప దలంచితిని.

పరదేశ విద్యకు తోడ్పడుట మన పెద్దలు మున్ను చేసిన పనియే. కోరంగి ప్రాంతమున జన్మించి, రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరు గారిని ఈ సభకు పరిచయము చేయ నక్కరలేదు. ఆయన ధర్మనిధి వారి సాయము లభించునను వాగ్దానముతోను, మామగారు సమకూర్చిన ధనముతోను, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను రేవు నగరమున దిగిరి. చదువునకు చేరుటయే కాని అచ్చట జీవనము సులభము కాలేదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న కొలువు చేసి పొట్ట పోసికొనిరి. 1925లో ఫిస్కె గారితో కలసి భాస్వరమును కొలుచు విధానమును లోకమునకు తెలిపినది ఆ మనుష్యుడే. సుబ్బారావు గారు మన కులమువారు కారు, దాత మనవాడు. ఈ విషయమును తలంచినప్పుడెల్ల నాకు గర్వము కలుగును.

ఇక నేటి సంగతి. సిడ్నీ నగరమునకు దక్షిణముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున ఉలాంగాంగు పట్టణము కలదు. అచ్చటి విశ్వవిద్యాలయము 1975లో స్వతంత్రమైనది. సంక్రాంతి పండుగ చేసికొని బయలుదేరిన విద్యార్థికి అచ్చట నడివేసవి యెదురగును. ఉప్పాడయందువలెనే సూర్యుడు సముద్రములోనుండియే ఉదయించును గాని, మధ్యాహ్నమునకు దక్షిణపు దిక్కున గాక ఉత్తరపు దిక్కున నుండును. కనుక చలికాలమున నెండ కావలసినవాడు ఉత్తరపు కిటికీ గల గదిని వెదకికొనవలెను. ఉప్పుగాలికి సైకిలు గొలుసు త్రుప్పు పట్టుటను మనవారికి వేరుగ చెప్పవలెనా!

అద్దె విషయమున మోసపోవువారు పెక్కురు. ఆ రాష్ట్రమున ఇంటి హామీ సొమ్ము నాలుగు వారముల అద్దెకు మించరాదు; దానిని ప్రభుత్వ కార్యాలయమున జమ కట్టవలెను. రసీదు లేక చేతికి సొమ్మిచ్చుట తగదు. జీవనవ్యయమునకై సంవత్సరమునకు 29,710 ఆస్ట్రేలియా డాలర్లు చూపవలెనని ఆ దేశపు ప్రభుత్వము 2024 మే 10వ తేదీనుండి నియమము చేసినది. చదువు సాగు దినములలో రెండు వారములకు 48 గంటలకు మించి పని చేయరాదను నియమమును 2023 జూలై మొదటి తేదీనుండి పెట్టినది. అప్పు తీర్చుటకు తొందరపడి ఈ హద్దును దాటిన వాని చదువునకే ముప్పు వచ్చును. తీసికొనిన అప్పులకు వడ్డీ లెక్కకట్టు తండ్రులు ఈ మాట నాలకింపవలెను.

అన్నిటికంటె నాకు భయము గొలుపునది నీరు. తాతలు పడవ నడపినవారైనను, పట్టణములలో పెరిగిన మన పిల్లలలో ఈత నేర్చినవారు అరుదు. కాలువలో నీదినవానికి సైతము సముద్రపు ఈత వేరు. ఒడ్డున కెక్కిన కెరటముల నీరు మరల లోనికి పోవుటకు ఇసుకతిన్నెల నడుమ త్రోవ చేసికొనును. ఆ ఒరవడిని అచ్చటివారు రిప్ అందురు. అది చూచుటకు నురుగులేక ప్రశాంతముగ, నల్లగ నుండును. తెలియనివాడు కెరటములు లేవు గదా యని అచ్చటనే దిగును! లాగబడినప్పుడు ఒడ్డువైపు ఎదురీదిన బలము క్షీణించును. బెదరక నీటిపై తేలి, చేయి యెత్తి సాయము కోరవలెను. శక్తియున్నచో ఒడ్డునకు సమాంతరముగ, కెరటములు విరుగు తావునకు ఈదవలెను.

1938 ఫిబ్రవరి 6వ తేదీ ఆదివారమున సిడ్నీలోని బాండై తీరమున నొక్కుమ్మడిగ కెరటములు వచ్చి జనమును లోనికి లాగినవి. రక్షకులు సుమారు 250 మందిని రక్షించిరి, అయిదుగురు మరణించిరి.  ఎఱుపు పసుపు వన్నెల జెండాల నడుమనే స్నానము చేయవలెను. ఇసుక కదలిన కొలది ఆ జెండాలను మార్చి పాతుదురు. నిన్న దిగిన తావు నేడు క్షేమమని యెంచరాదు. జెండాలు లేని వేళ మిత్రులు బలవంతపెట్టినను దిగరాదు. ఆపదలో మీటవలసిన సంఖ్య మూడు సున్నలు.

పోషక మహాశయులకు నాదొక విన్నపము. విద్యార్థికి ఇచ్చు సాయమునంతయు బయలుదేరునాడే ఇయ్యక, ఒక భాగమును హామీ సొమ్మునకును, మొదటి నెల అద్దెకును నిలిపి, అచ్చట దిగిన పిదప నందజేయుడు. ప్రయాణమునకు ముందు మూడు నెలలు బాలురకును బాలికలకును కాకినాడలో ఈత నేర్పించుటకు నిధినుండి కొంత ప్రత్యేకింపుడు.  ఈ యేడు వెళ్లదలచిన పిల్లల పేర్లను ఈ మంటపము విడచుటకు ముందే వ్రాసికొన ప్రార్థించుచున్నాను.