చెక్కలోని చేటు – దాని విరుగుడు

(బళ్లారి తెలుగువారి సమావేశమున ఒక వర్తకుడు గావించిన ఉపన్యాసము)



పశువుల దాణాను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి చెక్క వర్తకమున ప్రవేశించినవాడను. నిత్యము చేత పట్టు సరకు గనుక తెలిసినంత విన్నవించెదను.

మన ప్రాంతమున వేరుసెనగయు, పత్తియు పండును. నూనె తీయగా మిగిలిన చెక్క పశువులకు మాంసకృత్తుల నిచ్చు మేలైన దాణా. అయితే కొన్ని గింజలలో విషము పుట్టుకతోనే కలదు. కొన్నింటికి బూజు వలన చేరును. ఉడికించిన చాలు, దోషము పోవునను నమ్మకము మనలో బలముగా నున్నది. అది కొన్ని చెక్కల యెడ నిజము, కొన్నింటి యెడ ప్రమాదము.

ఆముదపు పిండిని చూడుడు. అందలి రిసిన్ అను విషము నూనెలోనికి పోక పిండిలోనే నిలుచును. ఆవిరి వేడిమి తగినంతసేపు సోకిన నది నశించును. కాని అది యంత్రసాధనములు గల మిల్లులో పరీక్షించి చేయవలసిన పని. పెరటి పొయ్యిమీద చేయదగినది గాదు. మనవారు దానిని ఎరువుగా వాడుకొని, పశువులకు అందకుండ దాచుటయే మేలు.

పత్తిగింజల చెక్కలో గాసిపాల్ కలదు. నెమరువేయు పెద్ద పశువు దానిని కొంతవరకు తాళగలదు. లేగదూడలకును, కోళ్లకును ఆ శక్తి లేదు. వేడిచేసిన నది మాంసకృత్తులతో బంధింపబడి చాలవరకు నిర్వీర్యమగును; కాని వేడి మితిమీరిన లైసిన్ అను పోషకాంశము తగ్గును. అన్నభేదిలోని ఇనుము గాసిపాల్‌ను పట్టి యుంచును. దానిని పశువైద్యుడు చెప్పిన పాళ్లలోనే కలుపవలెను.

ఇక మన ముఖ్యమైన సరకు వేరుసెనగ చెక్క. 1960లో ఇంగ్లండున లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయినవి. బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ పిండిలోని బూజు విషమే కారణమని తరువాత తేలినది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు. ఉడికించినను ఇది నశింపదు. పాడియావు తినిన విషములో కొంత, రూపుమారి పాలలోనికి దిగును. పాలు కాచినను పోదు. కిలో పాలలో అది 0.5 మైక్రోగ్రామును మించరాదని మన దేశమున నియమము. అమ్మోనియాతో, ఒత్తిడిలో శుద్ధిచేయు పద్ధతి కలదు; సెనెగల్ దేశమున ఎగుమతి చెక్కకు దానిని వాడిరి. అదియు పెద్ద మిల్లుల పనియే.

కావున మన చేతిలోనున్న విరుగుడు చెమ్మను రానీయకుండుట. కాయను బాగుగ ఎండబెట్టి మరీ ఆడించవలెను. బస్తాలను నేలమీద గాక బల్లలమీద, గోడకు ఎడముగ పేర్చవలెను. బూజు కంటికి కానరాకున్నను విషముండవచ్చును గనుక నమూనాలను పరీక్షకు పంపవలెను.

వర్తక సోదరులకు ఒక్క మనవి. బూజు పట్టిన చెక్కను పగులగొట్టి మంచి సరకులో కలుపు అలవాటు బజారున లేదనలేము. అందువలన మిగులునది బస్తాకు కొన్ని రూపాయలు. ఆ పాలు త్రాగునది పసిబిడ్డ. అట్టి సరకును ఎరువు ధరకు ఎరువుగానే అమ్ముదము. ఏ గింజ చెక్కయో, ఎప్పుడు ఆడినదో ప్రతి బస్తామీద తెలుగునను, కన్నడమునను వ్రాయింతము. మనయొద్ద కొనువారు ఇరుభాషలవారును గదా. ఈ నియమమును ముందుగా నా కొట్టుననే అమలుపరచెదనని సభాముఖమున మాట ఇచ్చుచున్నాను.