ముందుకు వాలిన చక్రం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజనీర్‌ని కాబట్టి ఏ యంత్రాల గురించో చెబుతానని కమిటీవారు అనుకుని ఉంటారు. నేను చెప్పబోయేది ఒక కారు బొమ్మ గురించి. చివర్లో ఒక డబ్బు విషయం కూడా ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

మా ఆఫీసులో నా కుర్చీ వెనుక గోడకు మొనాకో రేసు పోస్టర్ నకలు ఒకటి ఉంటుంది. గీసినవాడు జెయో హామ్. అసలు పేరు జార్జ్ హామెల్, ఫ్రాన్సులోని లావాల్ ఊరివాడు, 1900లో పుట్టాడు. మొనాకోలో ఊరి వీధుల్లోనే జరిగే ఆ రేసు 1929లో మొదలైంది. 1933 నుంచి 1937 దాకా వరుసగా దాని పోస్టర్లు ఇతనివే. ఇతన్ని చిత్రకారుడు అనడం కన్నా కమర్షియల్ ఆర్టిస్టు అనడమే నాకిష్టం. ఎందుకంటే అతని పని మన పనిలాంటిదే: కొనేవాడు ఉంటాడు, గడువు ఉంటుంది, ఇన్ని రంగులకు మించి అచ్చు వేయలేమని ప్రెస్సువాడు చెబుతాడు. తేదీ, ఊరు పేరు దారిన పోయేవాడికి కనబడాలి. ఆ రోజుల్లో ఫ్రాన్సు కార్లు నీలం, ఇటలీవి ఎరుపు, ఇంగ్లండువి ఆకుపచ్చ. రంగు చూస్తే చాలు, ఏ దేశం పోటీలో ఉందో తెలిసిపోయేది.

ఆ కాలపు రేసు బొమ్మల్లో ఒక తమాషా ఉంది. చక్రాలు కోలగా, ముందుకు వాలి ఉంటాయి. వాటి ఫొటోలు చూపిస్తే మా కుర్ర ఇంజనీర్లు, "సార్, ఈ కారు నడవదు" అంటారు. నిజమే, నడవదు. కానీ పరుగెడుతున్నట్టు ఉంటుంది! మేం కొలతలు తప్పకుండా కంప్యూటర్లో గీసిన కారేమో షెడ్డులో నిలబెట్టినట్టే ఉంటుంది.

ఈ వాలు కళాకారుడి ఊహ అనుకునేరు. అది కెమెరా నేర్పింది. ఆనాటి కెమెరాల్లో ఫిల్ము ముందు ఒక తెర, ఆ తెరలో సన్నని చీలిక ఉండేవి. చీలిక పైనుంచి కిందికి జారుతుంది. కెమెరాలో బొమ్మ తలకిందులు కదా, అందుకని చక్రం అడుగు ముందు పడుతుంది, పైభాగం తర్వాత. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. చీలిక చక్రాన్ని దాటడానికి సెకనులో 50వ వంతు పట్టిందనుకుందాం. ఆలోగా కారు అర మీటరుకు పైగా జరిగిపోతుంది. అంత మేర చక్రం పైభాగం ముందుకు వాలుతుంది. లార్తీగ్ అనే ఫ్రెంచి కుర్రవాడు 1912 ప్రాంతంలో తీసిన రేసు కారు ఫొటోలో ఇంకో వింత: కారుతోపాటు కెమెరా తిప్పాడు కానీ కారంత వేగంగా తిప్పలేకపోయాడు. చక్రం ముందుకు, రోడ్డు పక్క జనం వెనక్కి వాలారు. రైలు కిటికీలోంచి సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి చూడండి, దగ్గరి స్తంభాలు ఇప్పటికీ అలాగే వాలతాయి.

యంత్రం లోపాన్ని ఆర్టిస్టులు వేగానికి గుర్తుగా మార్చుకున్నారు. అయితే ఎంత వంచాలో తెలియాలంటే ముందు సరైన దీర్ఘవృత్తం చేతికి రావాలి. మన డ్రాయింగు మాస్టారు రెండు గుండుసూదులు గుచ్చి, దారం కట్టి గీయించేవారు, గుర్తుందా? కాంపాస్ బాక్సు తేనివాళ్లకు ఆ పీరియడంతా వరండాయే. ఇంజనీరింగు మొదటి ఏడాది డ్రాయింగు పరీక్ష నేను ఆ దారంతోనే గట్టెక్కాను.

ఇప్పుడు మన బడిలో డ్రాయింగు మాస్టారు లేరు. ఆ గదిలో పాత బల్లలు పేర్చి ఉన్నాయి, పొద్దున చూశాను. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని కమిటీ ఆలోచన. ఆర్చి బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ డబ్బుతో వారానికి మూడు రోజులు వచ్చే డ్రాయింగు మాస్టారిని కొన్నేళ్లపాటు పెట్టుకోవచ్చు. మొదటి సంవత్సరం జీతం నేనిస్తాను. హెడ్మాస్టారు గది ఖాళీ చేయిస్తానన్నారు. రెండో సంవత్సరానికి పేరు ఇచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి, నోటుపుస్తకం జేబులోనే ఉంది.