హామీ లేని ఒప్పందం



ఆటల చరిత్రను గోలుల పట్టికలో కాదు, పద్దు పుస్తకంలో వెతకమనేవారు గురువుగారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో అందుకే ఒక ఛానెల్ దివాలా గురించి మాట్లాడతాను. బ్రిటన్‌లో 2001 ఆగస్టులో మొదలై మరుసటి ఏడాది మేలోనే ఆగిపోయిన ఐటీవీ స్పోర్ట్ ఛానెల్ అది. కాస్త టెన్నిస్ కూడా చూపించినా, దాని బతుకంతా ఫుట్‌బాల్ మీదే.

స్కై, బీఎస్‌బీ అనే రెండు ఉపగ్రహ టీవీ సంస్థల విలీనం, 1992లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీగా ప్రీమియర్ లీగ్ పుట్టుక మీకు తెలిసినవే. 1998 నవంబరులో కార్ల్‌టన్, గ్రెనడా అనే టీవీ కంపెనీలు కలిసి ఆన్‌డిజిటల్ పెట్టాయి. డిష్ అక్కర్లేదు, ఇంటి యాంటెన్నా చాలు, నెలనెలా చందా కట్టాలి. తర్వాత దాని పేరే ఐటీవీ డిజిటల్ అయింది; నేను చెప్పిన స్పోర్ట్ ఛానెల్ దానిదే. ఇక అసలు విషయానికి వస్తాను.

2000 జూన్. ప్రీమియర్ లీగ్ ప్రత్యక్ష ప్రసారాలకు స్కై 110 కోట్ల పౌండ్లు ఒప్పుకుంది. ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లలోని 72 క్లబ్బులది ఫుట్‌బాల్ లీగ్. ఆ లీగుకు ఆన్‌డిజిటల్ మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్లు ఇస్తానంది. క్లబ్బులు ఆ సొమ్ము చేతికి రాకముందే ఆటగాళ్ల జీతాలు పెంచేశాయి. బిడ్ పత్రంలో చెల్లింపులకు వాటాదారుల హామీ ఉంటుందని రాశారు. కానీ అది తుది ఒప్పందానికి లోబడిన బిడ్. ఆ తుది ఒప్పందంలో హామీ మాటే లేదు! 72 క్లబ్బుల తరఫున కూర్చున్నవాళ్లు ఆ లోటుతోనే సంతకం పెట్టేశారు.

ఇక్కడ కొందరు పండితులతో నాకు పాత తగవుంది. ఛానెల్‌ను చంపింది, చందా కట్టకుండా చూడనిచ్చే దొంగ స్మార్ట్‌కార్డులేనంటారు వాళ్లు. ఆ కార్డులు విచ్చలవిడిగా తిరిగిన మాట నిజమే. కార్డుల సాంకేతికతను తయారుచేసిన కెనాల్ ప్లస్, తన కార్డుల రహస్య సంకేతాన్ని ఛేదించి బయటపెట్టిందంటూ, స్కై వెనకున్న ముర్డోక్ సామ్రాజ్యానికే చెందిన ఎన్‌డీఎస్ కంపెనీ మీద 2002లో దావా వేసిందీ నిజమే. ఎన్‌డీఎస్ ఆరోపణను ఖండించింది, దావా తీర్పు దాకా పోలేదు. గూఢచారి నవలలా ఉంటుంది కాబట్టి ఆ కథ వ్యాసాలకు బాగా పనికొస్తుంది. సరే, కూడికలు తీసివేతలు వచ్చినవాళ్లను అడుగుతున్నాను. ఏడాదికి 10.5 కోట్ల పౌండ్లు. మొత్తం చందాదారులు 12, 13 లక్షలు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఫుట్‌బాల్ పిచ్చివాళ్లే అనుకున్నా తలకు 80 పౌండ్లు దాటుతుంది. ఈ లీగులోని గ్రిమ్స్‌బీ క్లబ్బు అభిమాని గ్రిమ్స్‌బీ మైదానానికి వెళ్తాడు. వాల్సాల్, రోథరమ్ జట్లు ఆడుకుంటుంటే చూడడానికి 80 పౌండ్లు ఎందుకిస్తాడు? పైగా 50 లక్షలు దాటిన స్కై ఇళ్లకు ఈ ఛానెల్ చేరనే లేదు. యాంటెన్నా సిగ్నల్ బలహీనం, బొమ్మ మాటిమాటికీ చెదిరేది. దొంగ కార్డు ఒక్కటీ లేకున్నా ఈ లెక్క తేలేది కాదు. ఈ మాట అన్నందుకు ఒకాయన నన్ను స్కై వకీలన్నారు. స్కై ఫీజు ఇంకా అందలేదు.

2002 మార్చిలో, మిగిలిన రెండేళ్లకు బాకీపడిన సుమారు 17.8 కోట్లకు బదులు 5 కోట్లు తీసుకోమని ఐటీవీ డిజిటల్ లీగును అడిగింది. లీగ్ ఒప్పుకోలేదు. మార్చి 27న కంపెనీ దివాలా పాలన కిందికి వెళ్లింది. కార్ల్‌టన్, గ్రెనడాల మీద లీగ్ కోర్టుకెక్కి, హామీ లేనందున ఆగస్టులో ఓడిపోయింది. అప్పటికే హక్కుల్ని స్కైకి నాలుగేళ్లకు 9.5 కోట్లకు అమ్ముకుంది.

అధ్యక్షులవారు చీటీ పంపారు. మిగతాది గబగబా చెప్పేస్తాను. ఖాళీ అయిన యాంటెన్నా తరంగాల్లో 2002 అక్టోబరు 30న ఫ్రీవ్యూ వచ్చింది. స్కైతో పోటీకి దిగిన సెటాంటా అనే చందా క్రీడా ఛానెల్ బ్రిటన్‌లో 2009 జూన్‌లో కూలింది. 2013లో బీటీ స్పోర్ట్ వచ్చింది. దాని వెనక టెలిఫోన్ కంపెనీ ఉండేది కాబట్టి కథ వేరు.

చివరగా ఒక విన్నపం. ఇలా తిరగేయాల్సిన పద్దు పుస్తకం మన దగ్గరా ఉంది. భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో తన వాణిజ్య హక్కుల కోసం ఐఎంజీ-రిలయన్స్‌తో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. దాని మీద పరిశోధన చేసే విద్యార్థులు ఈ హాల్లో ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి. నా దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తాను.