“వెళ్ళమంటారా, వద్దంటారా?”

(కోనసీమలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీల సమస్యల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ సమస్యల గురించి నేను మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. రాజోలు, అమలాపురం, నరసాపురం ప్రాంతాల నుంచి, అటు రాయచోటి, రాజంపేటల నుంచి స్త్రీలు కువైట్ వెళ్ళడం ఈనాటిది కాదు. దెబ్బలు తిని వచ్చినవాళ్ళు, జీతం అందక ఉత్తచేతులతో వచ్చినవాళ్ళు మీ ఊళ్ళలో ఉన్నారు. అదే పనికి పోయి డాబా ఇల్లు కట్టుకున్నవాళ్ళూ మీ వీధిలోనే ఉన్నారు. కనుక అక్కడికి వెళ్ళాక జరిగేదాన్ని కాస్త పక్కన పెట్టి, వెళ్ళే ముందు ఇక్కడ జరిగే నిర్ణయం గురించి మాట్లాడతాను. ఎందుకంటే ఒకసారి ఆ దగ్గరే నేను పొరపాటు చేశాను.

2022లో పరిశోధన పనిమీద రాజోలు దగ్గర ఒక ఊళ్ళో ఉన్నాను. ఒకామె సాయంత్రంపూట వచ్చి కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళు. ఇద్దరాడపిల్లలు. భర్త రొయ్యల చెరువుల మీద కూలి. పని ఉన్న రోజు ఉన్నట్టు, లేని రోజు లేనట్టు. వడ్డీ అప్పు లక్షన్నర. కువైట్లో ఇంటిపని, రెండేళ్ళ ఒప్పందం, నెలకు 110 దినార్లు అన్నాడట ఏజెంటు. అప్పటి లెక్కన 27, 28 వేల రూపాయలు. పైగా ఆమె దగ్గర పైసా అడక్కుండా ఎదురు 20 వేలు తానే ఇస్తానన్నాడు. “ఎల్లమంటారా, వద్దంటారా మేడంగారూ?” అని అడిగింది.

నేను రెండు గంటలు మాట్లాడాను. ఖఫాలా పద్ధతి గురించి, అంటే అక్కడ నీ నివాస హక్కు అంతా యజమాని గుప్పిట్లో ఉండడం గురించి చెప్పాను. పాస్‌పోర్టు లాక్కోవడం గురించి చెప్పాను. ఎదురిచ్చే డబ్బు బహుమతి కాదనీ, అది మెడకు తాడనీ చెప్పాను. అన్నీ నిజాలే. ఆమె శ్రద్ధగా విని, “మరి ఇక్కడ నెలకి ఎంతిప్పిత్తారండీ?” అంది. నా దగ్గర జవాబు లేదు.

అదే ఏడాది నాకూ ఒక విదేశీ విశ్వవిద్యాలయం నుంచి రెండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. మంచి జీతం. నెల రోజులు ఆలోచించి, మా అమ్మ ఆరోగ్యం చూసి వద్దనుకున్నాను. ఆ నెల రోజుల్లో నువ్వు మోసపోతావని ఎవరూ నన్ను హెచ్చరించలేదు. నా వయసు ఏ ప్రభుత్వమూ అడగలేదు. నేను పదో తరగతి పాసయ్యాను కనుక వలస తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టు నాది. ఆమె ఎనిమిదితో ఆపింది. తనిఖీ అవసరమైన పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు పనికి వెళ్ళాలంటే 1983 వలసల చట్టం కింద అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకైతే 30 ఏళ్ళు నిండి ఉండాలి. ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఆ సంస్థ పేరు విన్నవాళ్ళు నాకు ఆ ఊళ్ళో కనబడలేదు. ఏజెంటు ఫోన్ నంబరు మాత్రం అందరికీ నోటికొచ్చు.

రక్షణ కోసం పెట్టిన వయసు నిబంధన ఆమెను ఆపలేదు. దొడ్డిదారిన పంపింది, అంతే. రెండు నెలల తర్వాత ఆమె విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్ళి, అక్కణ్ణుంచి కువైట్ చేరింది. సరైన దారిన వెళ్ళి ఉంటే ఒప్పందం ఈ-మైగ్రేట్‌లో నమోదయ్యేది. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల ప్రమాద బీమా ఉండేది. ఇవేవీ లేవు. నేను ఆ సాయంత్రం ఆమెకు భయం చెప్పానే గాని ఈ సంగతులు ఒక్కటీ చెప్పలేదు. వెళ్ళనే కూడదు అన్నదాన్ని, ఎలా వెళ్ళాలో ఎందుకు చెబుతాను?

ఇద్దరు ముసలివాళ్ళ ఇల్లు అన్నారు. వెళ్ళి చూస్తే పదకొండు మంది. ఎనిమిది నెలలు జీతం వచ్చింది, ఆ తర్వాత అకామా ఖర్చుల పేరు చెప్పి ఆపేశారు. ఆమె ఆ ఇంట్లోంచి బయటపడింది. అలా బయటపడితే “ఖల్లివల్లి” అంటారు, అంటే కాగితాలు లేని మనిషి. ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆమె ఎక్కువ సంపాదించింది ఆ ఖల్లివల్లి నెలల్లోనే. నాలుగిళ్ళల్లో గంటల లెక్కన చేస్తే నెలకు 150 దినార్లు దాకా వచ్చేవట. జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్ళడానికి మాత్రం వీల్లేదు. 2024లో కువైట్ ప్రభుత్వం మార్చి నుంచి జూన్ దాకా క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా ఇంటికొచ్చింది.

మొత్తం మీద నాలుగు లక్షల పైచిలుకు పంపింది. అదంతా భర్త ఖాతాలో పడింది. అప్పు తీరింది. మోటారుసైకిలు వచ్చింది. ఆడపడుచు పెళ్ళయింది. ఆమె పేరున మిగిలింది పాత డ్వాక్రా పొదుపు. ఇంకో నష్టం ఏ ఖాతాలోనూ కనబడదు. తొమ్మిదేళ్ళ పెద్దపిల్ల బడి మానేసి, చెల్లెలికి జడ వేసి, నాయనమ్మకు వంట చేసింది. కువైట్లో తల్లి చేసిన చాకిరీకి జీతం ఉంది. ఇక్కడ కూతురు చేసినదానికి పేరు కూడా లేదు. పక్కనే నరసాపురం లేసు అల్లికల స్త్రీల మీద మరియా మీస్ 1982లో రాసిన పుస్తకం మీలో కొందరికి తెలుసు. ప్రపంచ మార్కెట్ కోసం పగలంతా అల్లే మనుషుల్ని ఇంట్లో ఖాళీగా కూర్చునే ఇల్లాళ్ళుగా లెక్కగట్టడం గురించి ఆమె రాసింది. ఈ పిల్ల విషయంలో ఆ లెక్క ఏమైనా మారిందా?

ఇప్పుడామెకు ముప్ఫై దాటాయి. మళ్ళీ వెళ్ళాలనుకుంటోంది. మళ్ళీ నా దగ్గరకే వచ్చింది, అది ఆమె మంచితనం. ఈసారి నేను ఒక నోటు పుస్తకం తీసి, కువైట్ నుంచి తిరిగొచ్చిన మరో నలుగురిని పిలిచాను. నేను చట్టం చెప్పాను. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు ఉండాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. 2016 నుంచి కనీస వేతనం 60 దినార్లు. నలుగురూ నవ్వారు. “గుమ్మం లోపలికి ఏ ఆఫీసరొత్తాడండీ?” అంది ఒకామె. నిజమే. అయినా ఏం రావాలో తెలిసుండడం వేరు, తెలియకపోవడం వేరు.

వాళ్ళు అడిగిన ప్రశ్నలు నాకు తట్టనివి. ఫోను మన దగ్గరే ఉంచుకోనిస్తారా? మన భాష మాట్లాడే పనిమనిషి ఆ ఇంట్లో ఇంకొకరు ఉందా? పడుకునే గదికి లోపల గడియ ఉందా? ముందు పనిచేసినామె ఎందుకు మానేసింది, ఆమె నంబరిస్తారా? ఏజెంటు ఆ చివరి ప్రశ్నకు విసుక్కుంటే ఆ ఇంటికి వెళ్ళొద్దు అన్నారు. మీరు మీ ఊళ్ళలో ఇవి రాసుకోండి.

మధ్యలో ఒకామె నా వైపు తిరిగి, “మీ ఇంట్లో పనమ్మాయికి ఆదివారం సెలవుందా అండీ?” అంది. లేదు. ఇంటిపనివారి హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడికను కువైట్ ఆమోదించలేదని మనం సభల్లో అంటాం. భారతదేశమూ ఆమోదించలేదు. ఇంటిపనివారికి చట్టం గురించి ఆలోచించమని 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో సెలవు మొదలైంది. ఇంత ఆలస్యంగా.

ఇక ఆమె నిర్ణయం. డబ్బు ఈసారి తన ఖాతాలోకే రావాలంది. భర్త రెండు రోజులు అలిగి ఒప్పుకున్నాడు. రెండో షరతు పెద్దపిల్ల. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో హాస్టల్ సీటు వస్తేనే వెళ్తానంటోంది. బడి మానేసిన ఆడపిల్లలకు కూడా చోటిచ్చే బడి అది. సీటు రాకపోతే వెళ్ళనంటోంది, అప్పుడు ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు నేను.

దరఖాస్తు పెట్టాం. పాత బడి నుంచి టీసీ ఇంకా రాలేదు, హెడ్మాస్టరుగారు బదిలీ అయ్యారట. సోమవారం మండల విద్యాధికారి దగ్గరకు వెళ్తున్నాం. ఆ మండలం కార్యకర్తలు ఇద్దరు మాతో వస్తే బాగుంటుంది. భోజనాల దగ్గర పేర్లు చెప్పండి.