ఆస్తితో పాటు పెత్తనాన్నీ వదిలినవాడు: ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ స్మారకోపన్యాసం

మనం ఈ రోజు తలచుకుంటున్న ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1853 మే 20న ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో కన్నుమూశారు. ఆయన గోదావరి ఒడ్డున కాపురం పెట్టలేదు, తన పేరున ఒక మిషనూ స్థాపించలేదు. అయినా నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త తొలి అడుగుల చరిత్ర ఆయన పేరు లేకుండా మొదలు కాదు. ధనవంతుడైన దంతవైద్యుడు సర్వస్వం దానం చేసి మిషనరీ అయ్యాడన్నది ఆయన గురించి సాధారణంగా చెప్పుకొనే మాట. అది నిజమే గాని సగం నిజం. త్యాగమూర్తులు ప్రతి మతంలోనూ ఉన్నారు. డబ్బు వదిలి, ఆ వదిలిన గొప్పతనంతోనే పదిమంది మీద పెత్తనం చేసినవారూ చరిత్రలో తక్కువేమీ కాదు. గ్రోవ్స్ ఆస్తిని మాత్రమే కాదు, ఆస్తి మనిషి చేతికిచ్చే అధికారాన్ని కూడా వదిలారు. క్రైస్తవ విశ్వాసంలో నిరాడంబరతకు అర్థం ఈ రెండో త్యాగంలోనే ఉందని చూపించడం నా ప్రయత్నం.

గ్రోవ్స్ 1795లో పుట్టారు. ఎక్సెటర్ పట్టణంలో దంతవైద్యుడిగా ఆయన సంపాదన ఏడాదికి 1500 పౌండ్లని ఆయన బావగారైన జార్జి ముల్లర్ తన జీవిత వృత్తాంతంలో రాశారు. ఆ రోజుల్లో అది కొద్దిమందికే దక్కే రాబడి. గ్రోవ్స్, ఆయన భార్య మేరీ మొదట రాబడిలో పదో వంతు, తర్వాత నాలుగో వంతు, చివరికి తమ అవసరాలకు పోగా మిగిలినదంతా ఇవ్వసాగారు. 1825లో ఆయన ‘క్రిస్టియన్ డివోటెడ్‌నెస్’ అనే చిన్న పుస్తకం ప్రచురించారు. కొండమీద ప్రసంగంలో భూమిమీద ధనం కూర్చుకోవద్దని ప్రభువు చెప్పిన మాటను అలంకారంగా కాక ఆజ్ఞగానే తీసుకోవాలన్నది అందులోని వాదం. ఆ వాదానికి ఆయన చూపిన కారణం సన్యాసుల కారణం కాదు. వస్తువులు చెడ్డవని ఆయన అనలేదు, శరీరాన్ని బాధపెడితే పుణ్యం వస్తుందనీ అనలేదు. రేపటి కోసం కూడబెట్టిన ప్రతి నిల్వా ఈ రోజు ఆకలితో ఉన్న పొరుగువాడికి అందకుండా ఆగిపోయినదేనన్నారు. పైగా ఆ నిల్వ పెరిగేకొద్దీ మనిషి నమ్మకం దేవుడి మీది నుంచి దాని మీదికి జరిగిపోతుందన్నారు.

ఈ నిర్ణయం ఆయన్ని రెండో మెట్టు ఎక్కించింది. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున వెళ్ళాలని డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదువు మొదలుపెట్టిన గ్రోవ్స్, సువార్త చెప్పడానికి గురుపట్టం గాని, రొట్టె విరవడానికి అభిషిక్తుడైన పాదిరి గాని తప్పనిసరి కాదన్న నమ్మకానికి వచ్చారు. పట్టం వదిలేశారు, సొసైటీ జీతమూ వద్దనుకున్నారు. 1829లో భార్యాబిడ్డలతో బాగ్దాదుకు బయల్దేరారు. డబ్బును వదిలిన మనిషి హోదాను అట్టిపెట్టుకోవడానికి ఇంకా ఎన్నో దారులు ఉంటాయి. పట్టం, సంస్థ అండ, ‘దొర’ అన్న పిలుపు, ఇవన్నీ హోదా రూపాలే. గ్రోవ్స్ వాటిని ఒక్కొక్కటిగా విడిచారు. ఆ ఆదర్శం ఎంత దూరం పాకిందో చెప్పడానికి ముల్లర్ ఒక్కరు చాలు. 1830లో టిన్‌మత్‌లో ఆయన తన జీతాన్నీ, చర్చిలో డబ్బిచ్చినవారికి ప్రత్యేకంగా కేటాయించే ఆసనాల అద్దెనూ రద్దు చేశారు. ధనికుడికి ముందు వరసలో ఆసనం వేసి, పేదవాణ్ణి నిలబెట్టడం తప్పని యాకోబు పత్రిక చెప్పిన మాట ఒక ఊరి చర్చిలో కుర్చీల దాకా వచ్చి అమలైన సందర్భమది. 1836లో బ్రిస్టల్‌లో మొదలైన ముల్లర్ అనాథాశ్రమం తర్వాతి దశాబ్దాల్లో వేలమంది పిల్లలను పెంచింది. 1898లో ఆయన చనిపోయేనాటికి సొంత ఆస్తిగా మిగిలింది సుమారు 160 పౌండ్లు.

ఇక మన నేల మీదికి వద్దాం. గ్రోవ్స్ 1833లో భారతదేశానికి వచ్చి, దేశమంతా తిరిగి మిషన్ల పనితీరు దగ్గరగా చూశారు. విదేశీ సొసైటీ సొమ్ముతో నడిచే మిషన్‌లో మిషనరీ యజమాని, దేశీయ ఉపదేశకుడు జీతగాడు. బంగళాకూ గుడిసెకూ మధ్య ఉన్న దూరమే వాళ్ళిద్దరి మధ్యా ఉండేది. ఆ దూరం పోవాలంటే మిషనరీ బతుకు తీరే మారాలని ఆయన అనుకున్నారు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి, 1836లో మళ్ళీ వచ్చేటప్పుడు డెవన్ ప్రాంతం నుంచి రెండు జంటలను వెంట తెచ్చారు. విలియం బౌడన్ రాతిపని చేసే మేస్త్రీ, జార్జి బీర్ చెప్పులు కుట్టే పనివాడు. నెల జీతం ఇస్తామన్న హామీ ఏ సొసైటీ నుంచీ లేకుండానే వాళ్ళు మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. నందన కరువు ఆంధ్ర తీరాన్ని పీల్చి పిప్పి చేసి ఎన్నో ఏళ్ళు కాలేదు. తోలుపని చేసేవాణ్ణి ఊరి బయట ఉంచే సమాజంలోకి, తోలుపని నుంచి వచ్చిన ఒక తెల్లవాడు బోధకుడిగా వచ్చాడు. ఆ రాకకు ఉన్న అర్థం అప్పట్లో ఎందరు గుర్తించారో మనం చెప్పలేం గాని, దాన్ని మనం గుర్తించకపోతే మన చరిత్రలో ముఖ్యమైన పుటను చదవకుండా తిప్పేసినట్టే.

దీనికి దక్షిణాన మరో సాక్ష్యం ఉంది. గ్రోవ్స్ దగ్గర పనిచేసిన తమిళ విశ్వాసి జాన్ అరుళప్పన్ తనకు ఇవ్వజూపిన జీతాన్ని వద్దన్నాడు. జీతం తీసుకుంటే కూలికి ప్రకటిస్తున్నాడని జనం అంటారన్నది ఆయన కారణం. మామూలు మిషన్ వ్యవస్థలో అది ధిక్కారం కింద లెక్క. జీతం వద్దన్నవాడు మాట వినడు కదా! గ్రోవ్స్ మాత్రం సంతోషించారు, ఆ సంగతి ఆనందంగా రాసుకున్నారు. భారతీయ విశ్వాసి విదేశీయుడి చేతి కింద కాక నేరుగా దేవుడి మీద ఆధారపడి నిలబడాలన్నదే ఆయన కోరిక. డబ్బు ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఆ చెయ్యిని కిందికి దించుకోగలిగిన దాత అరుదు. గ్రోవ్స్ దీనత్వానికి ఇంతకన్నా గట్టి రుజువు నాకు కనిపించదు.

దీనిమీద అభ్యంతరాలు లేకపోలేదు. వాటిలో మొదటిది కుటుంబం గురించినది. నిల్వ లేకుండా బతకడం ఒంటరివాడికి సరే, ఆలుబిడ్డలున్నవాడికి అది బాధ్యతారాహిత్యం కాదా? 1831లో బాగ్దాదులో ప్లేగు వచ్చినప్పుడు మేరీ గ్రోవ్స్ చనిపోయింది. ఈ విషాదాన్ని ఏ సిద్ధాంతమూ తేలిక చేయకూడదు. అయితే ఆమె ప్రాణం తీసింది పేదరికం కాదు, ధనికుల ఇళ్ళలోనూ శవాలు లేపిన మహమ్మారి. ఎక్సెటర్‌లో ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆమె ఆయనకు సమాన భాగస్వామి అనీ మరవకూడదు. ఆమెను కేవలం భర్త నిర్ణయానికి బలి అయిన స్త్రీగా చూస్తే ఆమె సొంత విశ్వాసాన్ని కాదన్నట్టవుతుంది. ఇంటివారిని పోషించనివాడిని తిమోతి పత్రిక గట్టిగానే మందలిస్తుంది. గ్రోవ్స్ ఆ బాధ్యతను వదల్లేదు. మద్రాసులో అవసరమైనప్పుడు మళ్ళీ దంతవైద్యం చేసి తనవారినీ తోటివారినీ పోషించారు. పని మానడం ఆయన సిద్ధాంతం కాదు, పనిలో వచ్చినది దాచుకోకపోవడమే ఆయన సిద్ధాంతం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. గ్రోవ్స్ తర్వాత చిత్తూరులో స్థిరపడి, సంఘం తన కాళ్ళ మీద తాను నిలబడాలని వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం చేపట్టారు. నష్టం వచ్చింది, అప్పులు మీద పడ్డాయి, ఆ భారం ఆయన్ని ఏళ్ళ తరబడి కుంగదీసింది. కొండమీద ప్రసంగం ప్రకారం బతకబోయినవాడు అప్పుల్లో పడ్డాడంటే ఆ దారి ఆచరణకు పనికిరాదనేగా? చిత్తూరు కథ నిరూపించేది దీనికి విరుద్ధమైనదని నా అభిప్రాయం. ఆయన్ని ముంచింది ఇచ్చిన సొమ్ము కాదు, రాబోయే లాభం మీద ఆశతో తెచ్చిన పెట్టుబడి. తన సూత్రం మీద నడిచినంతకాలం ఆయన చేతిలో లేమి ఉంది గాని మెడకు అప్పు లేదు. సూత్రం నుంచి పక్కకు జరిగిన చోటే దెబ్బ తగిలింది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన లెక్క తప్పకుండా ఉండదని, సేవ పేరుతో చేసే వ్యాపారం కూడా వ్యాపారమేనని ఈ ఘట్టం మన సంస్థలకు ఇప్పటికీ హెచ్చరిక.

అన్నిటికన్నా బరువైనది మూడో అభ్యంతరం. ఏమీ లేనివాడి ముందు ఆస్తిని ప్రేమించవద్దని బోధించడం క్రూరం కాదా? డెల్టాలో సువార్త విన్నవారిలో చాలామంది భూమి లేని మాలలు, మాదిగలు. వాళ్ళకు సంతృప్తి బోధించడం భూస్వామికి ఊడిగం చేసినట్టే అవుతుందని విమర్శకులు అంటారు. ఆ బోధ పైనుంచి కిందికి చేస్తే ఈ విమర్శ అక్షరాలా నిజం. బంగళాలో కూర్చుని గుడిసెకు దీనత్వం నేర్పడం అన్యాయం. కాని సువార్తలో ఈ ఆజ్ఞ మొదట కలిగినవాడికే వర్తిస్తుంది. ప్రభువు మాట విని దుఃఖంతో వెనుదిరిగింది ధనికుడైన యువకుడు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలికి ఆయన పాఠం చెప్పలేదు, ఆమెనే పాఠంగా చూపించాడు. అపొస్తలుల కార్యాల్లో తొలి సంఘం ఆస్తులు అమ్మి పంచుకున్న ఫలితం అందరూ సమానంగా బీదలు కావడం కాదు, వాళ్ళలో కొదువ ఉన్నవాడంటూ లేకపోవడం. కలిగినవాడు చెయ్యి విప్పడం వల్ల లేనివాడు తలెత్తుకోవాలి. పేదవాడికి నిరాడంబరత బోధించేముందు అతని కూలీ, చదువు, గౌరవం కోసం నిలబడని బోధకుడికి గ్రోవ్స్ పేరు ఎత్తే హక్కు లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇదే ఆలోచన మరో దారిన మన మధ్యకు వచ్చింది. పంజాబులో పుట్టి ఇంజనీరింగు చదివిన భక్త్ సింగ్ గ్రోవ్స్ శిష్యుడు కాడు. అయినా జీతం అడగకుండా, చందాల కోసం విన్నపాలు పంపకుండా హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని నడిపారు. అక్కడ కూడికలకు వచ్చినవారు కులం, హోదా చూడకుండా నేల మీద పక్కపక్కన కూర్చుని భోంచేశారు. ఆ బంతి భోజనంలో విశ్వాసం ఆస్తి కన్నా విలువైనదన్న సిద్ధాంతం ఆచరణగా కనిపించింది. ఈ రోజు మన పట్టణాల్లో ఇందుకు భిన్నమైన బోధ గట్టిగా వినిపిస్తోంది. ఆశీర్వాదానికి కారూ భవనమూ కొలమానాలంటోంది. అబ్రాహాము ధనవంతుడు కాడా అని అడుగుతోంది. అబ్రాహాము ధనవంతుడే. అయినా మేతకు మంచి నేల ఎంచుకునే హక్కును లోతుకు వదిలేశాడు, సొదొమ రాజు ఇవ్వబోయిన సొమ్ములో చెప్పువారు కూడా ముట్టనన్నాడు. ధనం ఉండడమే పాపమని గ్రోవ్స్ అనలేదు, నేనూ అనను. ధనాన్ని దేవుడి ఆమోదానికి రుజువుగా చూపించడమే తప్పు. దాన్ని రుజువుగా ఒప్పుకుంటే, లేనివాణ్ణి దేవుడు తోసిపుచ్చాడని చెప్పినట్టే. సిలువ మీద కట్టుబట్ట కూడా మిగలని ప్రభువును నమ్మేవారు ఆ మాట ఎలా అనగలరు?

కాబట్టి గ్రోవ్స్‌ను గౌరవించడమంటే అందరూ ఉద్యోగాలు మాని బాగ్దాదుకు బయల్దేరడం కాదు. ఆయన మనకు ఒక ప్రశ్న ఇచ్చారు: నా దగ్గరున్నది నన్ను ఎవరి మీద కూర్చోబెడుతోంది? సంఘ కాపరి తన రాబడిని సంఘం ముందు దాచకుండా ఉంచగలిగితే, దాత తన పేరు గోడ మీద చెక్కించుకోకుండా ఇవ్వగలిగితే, విదేశాల్లో సంపాదించిన తెలుగు విశ్వాసి ఊరి సంఘానికి డబ్బు పంపి దాని నిర్ణయాలు దానికే వదిలేయగలిగితే ఆ ప్రశ్నకు జవాబు మొదలవుతుంది. వీటికి పెద్ద ఆస్తి అక్కర్లేదు, పెద్ద పుస్తకమూ అక్కర్లేదు. ఆస్తిని పంచడం కష్టమే గాని, పంచిన తర్వాత పెత్తనం అడగకపోవడం అంతకన్నా కష్టం. ఆ రెండో పని నేర్చుకున్న సంఘమే లోకం ముందు తన విశ్వాసం గురించి నమ్మదగినట్టు మాట్లాడగలదు. మన సంఘాలు అలా మాట్లాడగలగాలని నా కోరిక.