కుళాయి వరుసలో చివరి ఇల్లు
(మైనారిటీ హక్కుల సదస్సులో విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ముందు మాట్లాడిన వక్తలు రిజర్వేషన్లను గురించి, వక్ఫ్ భూములను గురించి, ఉర్దూ పాఠశాలలను గురించి వివరంగా చెప్పారు. వాటి పక్కన నాకు అప్పగించిన విషయం చిన్నదిగా కనిపించవచ్చు. పురపాలక సంఘంలోని ప్రజారోగ్య విభాగం ప్రతిరోజూ ఏమి చేస్తుంది, అందులో మనకు రావలసినదేమిటి, మనవైపు నుండి లోపమెక్కడ ఉన్నది అన్నది నా విషయం. ముప్పై ఏళ్ళకు పైగా ఆ విభాగంలో పనిచేశాను గనుక నన్ను పిలిచారు. నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. రిజిస్టర్లు రాయడం అలవాటు. అందువల్ల నా మాటలు కూడా కొంత రిజిస్టరులాగానే ఉంటాయి, మన్నించాలి.

మొదట చట్టం. మనలో చాలామంది వీధి ఊడ్పించడం, కుళాయి విప్పించడం కౌన్సిలరుగారి దయ అనుకుంటారు. అది దయ కాదు. ఆంధ్ర ప్రాంతంలో నేటికీ అమలులో ఉన్న ప్రజారోగ్య చట్టం 1939 నాటి మద్రాసు చట్టం. తాగునీరు, మురుగు పారుదల, అంటువ్యాధుల అదుపు స్థానిక సంస్థ బాధ్యతలని అది ఆనాడే రాసింది. తరువాత 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలును చేర్చింది. పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలు అందులో ఉన్నాయి. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం ఆరవ అంశం. శ్మశానాలు, ఖబరస్తాన్‌లు పద్నాలుగవది. జనన మరణాల లెక్క పదహారవది. కబేళాల నియంత్రణ పద్దెనిమిదవది. మన బ్రతుకులో ఇంతగా చొచ్చుకొని ఉన్న కార్యాలయం మరొకటి లేదు. అయినా ఆ మెట్లు మనం ఎక్కేది బిడ్డను బడిలో చేర్చేటప్పుడో, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేటప్పుడో మాత్రమే.

మన హైదరాబాదు నగరమే ఒక పాఠం. 1908 సెప్టెంబరులో మూసీ ఉప్పొంగి వేల ప్రాణాలను తీసుకుపోయింది. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి గాలీ వెలుతురూ ఉండే ఇళ్ళు కట్టించడం దాని పనులలో ఒకటి. ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. అంతకుముందే, 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ దోమలకు తన రక్తాన్ని ఇచ్చిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుస్సేన్ ఖాన్ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసునో మీరే చెప్పాలి.

ఇక రోజువారీ పని. తెల్లవారుజామున ఐదు గంటలకు మస్టర్ పడుతుంది. మేస్త్రీ కార్మికుల హాజరు వేస్తాడు, వీధులు పంచుతాడు. ఇన్‌స్పెక్టరు చేతిలో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానిని క్లోరోస్కోపు అంటారు. కుళాయి నీటిని గాజు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ఉంటే నీటిలో క్లోరిన్ మిగిలి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ప్రమాణం. ఈ పరీక్షను ట్యాంకు దగ్గర చేస్తే చాలదు. గొట్టం చివర, అన్నిటికన్నా దూరాన ఉన్న ఇంటి కుళాయి వద్ద చేయాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఈ పెట్టెతో ముడిపడి ఉన్నది.

ఉద్యోగంలో చేరిన ఆరేడేళ్ళకు నన్ను ఒక పట్టణానికి బదిలీ చేశారు. అక్కడ మనవాళ్ళు ఉండే పేట ఊరికి పల్లపు వైపున, మంచినీటి గొట్టానికి చిట్టచివర ఉండేది. సన్న సందులు, సైకిలు కూడా నడిపించుకుంటూ పోవలసినదే. తెల్లవారుజామున అంతదూరం వెళ్ళలేక నేను ట్యాంకుకు దగ్గరలో ఉన్న కుళాయి వద్ద పరీక్ష చేసి, రిజిస్టరులో ఆ పేట పేరు ఎదుట కూడా ‘క్లోరిన్ ఉన్నది’ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఒక నెల కాదు, చాలా నెలలు రాశాను. అందరూ అలాగే రాస్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ ఏడాది వానాకాలంలో పేటలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మూడు రోజులలో దాదాపు ప్రతి ఇంటా ఒకరు పడకేశారు. నేను పరుగెత్తి చివరి ఇంటి కుళాయి నీరు పట్టి చుక్కలు వేశాను. రంగు రాలేదు. గొట్టం మురుగు కాలువ లోపలినుండి పోతున్నది. ఒక అతుకు వదులై ఉన్నది. నీరు వచ్చేటప్పుడు ఒత్తిడి వల్ల మంచినీరు బయటికి చిమ్ముతుంది. నీరు ఆపినప్పుడు గొట్టం ఖాళీ అయి కాలువలోని మురుగును లోపలికి లాగుకుంటుంది. మరునాడు మొదటి బిందెలో ఆ మురుగే వస్తుంది. ఆ కలుషితానికి, ఉన్న కొద్దిపాటి క్లోరిన్ కూడా ఖర్చయిపోతుంది.

ఆ చివరి ఇంటి ముసలమ్మ ఆసుపత్రికి చేరకముందే కన్నుమూసింది. మరణ రిజిస్టరులో ఆమె పేరును నేనే రాశాను. మరణ కారణం అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. ‘విరేచనాలు’ అని రాశాను. అది నిజమే. కానీ పక్క బల్లమీద ఉన్న మరో రిజిస్టరులో అదే చేతిరాతతో ‘క్లోరిన్ ఉన్నది’ అని ఉన్నది.

తరువాత తెలిసినదేమంటే, నీరు వాసన వస్తున్నదని ఆ పేటవాళ్ళు నెల ముందే అర్జీ ఇచ్చారు. అర్జీ ఉర్దూలో ఉన్నది. కార్యాలయంలో గుమాస్తాకు ఉర్దూ రాదు, కట్టలో పెట్టేశాడు. నాకు ఉర్దూ వచ్చు. ఆ కాగితం నా వద్దకు వస్తే చదివి ఉండేవాణ్ణని చెప్పుకోవడం సులభం. కానీ వారానికొకసారి ఆ సందులోకి నడిచి ఉంటే ఏ కాగితమూ అవసరమయ్యేది కాదు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉర్దూ రెండవ అధికార భాష. మంచిదే. అయినా అర్జీ ఇచ్చేటప్పుడు తెలుగులో మరొక ప్రతి జతచేయండి, రెండింటిమీదా తేదీతో ముద్ర వేయించుకొని ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. హక్కు హక్కే, కానీ కట్టలో పడిపోయిన కాగితం ఎవరి దాహమూ తీర్చదు.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను మనం చాలా సభలలో తలచుకుంటాం. ముస్లింలు ఎక్కువగా ఉండే గ్రామాలకు రోడ్లు, వైద్య వసతులు తక్కువని అందులో ఉన్నది. అదే నివేదికలో మరొక మాట కూడా ఉన్నది, దాన్ని మనమెవ్వరం చెప్పుకోము. పేదరికం ఇంత ఉన్నా ముస్లిం కుటుంబాలలో శిశు మరణాలు దేశ సగటు కన్నా కొంత తక్కువ. అంటే మన తల్లులు తమ వంతు పని చేస్తున్నారు. రోడ్డు, కాలువ, గొట్టం తల్లి చేతిలో ఉండేవి కావు.

రెండవది జనన నమోదు. ఇది నేడు అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. జనన మరణ నమోదు చట్టం 1969లో వచ్చింది. 2023లో దాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డకు బడిలో చేరడానికి, ఓటరు జాబితాకు, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. పుట్టిన 21 రోజులలోగా నమోదు చేయిస్తే ఖర్చు లేదు, పత్రం కూడా ఉచితం. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివారే తెలియజేస్తారు. ఇంటిలో పుడితే ఇంటి పెద్ద తెలియజేయాలి.

మనవాళ్ళు ఎక్కడ పొరబడుతున్నారో చెబుతాను. తొలి కాన్పు పుట్టింట్లో అవుతుంది. నమోదు ఎక్కడ పుడితే అక్కడే జరుగుతుంది, కాపురమున్న ఊరిలో కాదు. ఆరేళ్ళ తరువాత తండ్రి తన ఊరి మునిసిపాలిటీకి వచ్చి పేరు లేదని గొడవ పడతాడు. పేరు ఉన్నది, వేరే ఊరి రిజిస్టరులో ఉన్నది. రెండవది, బిడ్డకు పేరు పెట్టకముందే నమోదు జరుగుతుంది, పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. పన్నెండు నెలలలోగా వెళ్ళి పేరు చేర్పించుకుంటే రుసుము లేదు. అకీకా ఘనంగా చేసే ఇంటివారు ఈ పని మరచిపోతారు. బిర్యానీకి పట్టిన శ్రద్ధలో పదోవంతు చాలు.

మూడవది మరింత చిక్కు. దరఖాస్తులో ఇంటిపేరు అని ఒక గడి ఉంటుంది. షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అన్నవి ఇంటిపేర్లా, పేరులో భాగాలా? ఒకే ఇంటిలో తండ్రి ‘షేక్’, పెద్దకొడుకు ‘షైక్’, చిన్నకొడుకు ‘ఎస్.’ మాత్రమే. తల్లి ఆధార్‌లో బేగం, ఆసుపత్రి చీటీలో బీ. రాసేవాడికి చెవికి ఏది వినపడితే అది. నేను కూడా అలా రాసినవాణ్ణే. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడే తల్లిదండ్రుల ఆధార్ ప్రతులు సంచిలో పెట్టుకొని వెళ్ళండి, చూసి రాయమనండి, రాసినదాన్ని చదివించుకొని తరువాతే సంతకం పెట్టండి. నేడు పేరులో ఒక్క అక్షరం తేడాకు ఎంత మూల్యమో మీకు నేను చెప్పనక్కరలేదు.

టీకాల విషయంలో మన చరిత్రలో రెండు ముఖాలున్నాయి. 2002లో దేశంలో దాదాపు 1,600 పోలియో కేసులు వచ్చాయి, అందులో అధికభాగం ఉత్తరప్రదేశ్‌లో. దెబ్బతిన్న పిల్లలలో ముస్లింల బిడ్డలు జనాభా వాటాను మించి ఉన్నారు. చుక్కలు వేయిస్తే సంతానం కలగదన్న పుకారు ఇల్లిల్లూ తిరిగింది. ఆ తరువాత ఇమాములు మసీదుల నుండి ప్రకటించారు, అలీగఢ్, జామియా విశ్వవిద్యాలయాలవారు గల్లీలకు వచ్చారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు లేదు. 2014 మార్చి 27న ధ్రువీకరణ వచ్చింది. అయినా 2017లో తట్టు, రుబెల్లా టీకా వచ్చినప్పుడు అదే పుకారు వాట్సాప్‌లో తిరిగి వచ్చింది. ఏఎన్ఎం తలుపు తట్టినప్పుడు ఆమె మీద కోపం చూపకండి. అనుమానముంటే అడగండి. అడగడం తప్పు కాదు, తలుపు వేసుకోవడం తప్పు.

స్థానిక సంస్థ ఒక్క కాగితంతో ఎంత గాయం చేయగలదో కూడా చూశాం. 2020 మార్చి 30న ముంబయి నగరపాలక సంస్థ, కోవిడ్‌తో మరణించిన వారందరినీ మతంతో పనిలేకుండా దహనం చేయాలని ఒక ఉత్తర్వు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఖననాన్ని నిషేధించలేదు. ఆ ఉత్తర్వును అదే రోజు వెనక్కు తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారు? మార్గదర్శకాలు చదివినవారు, అడగగలిగినవారు ఆనాడు దగ్గరలో ఉన్నారు గనుక. మన పట్టణంలో అలాంటి కాగితం వస్తే చదివేవారెవరు? ఇక్కడున్న యువకులను ఈ ప్రశ్న అడుగుతున్నాను.

ఇంకొక మాట మనకు చేదుగా ఉంటుంది. బక్రీద్ నాడు మునిసిపాలిటీ బండి పంపాలి, సంచులు ఇవ్వాలి, సున్నం చల్లించాలి. అడిగి సాధించుకోవాలి. కానీ బండి వచ్చేదాకా ఆగకుండా వ్యర్థాలను కాలువలో వేసేవారు మనలోనే ఉన్నారు. ఆ కాలువలో దిగి చేతులతో తీసే కార్మికుడూ మనలాగే ఒక బస్తీలోని పేదవాడు. అతనికి చేతితొడుగులు ఇమ్మని మునిసిపాలిటీని అడిగే హక్కు మనకుంది. అతని ముందు సిగ్గుపడవలసిన పరిస్థితి తెచ్చుకోకూడదు. వజూఖానా నీటి తొట్టి కూడా అంతే. డెంగీ దోమ శుభ్రమైన నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది, వారం పది రోజులలో దోమై ఎగురుతుంది. తొట్టిలో గంబూసియా చేపలు వదలండి, మలేరియా విభాగంవారు ఇస్తారు. ఇవ్వకపోతే రాసి అడగండి.

చివరగా కమిటీలు. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్‌లో ప్రతి 50 నుండి 100 ఇళ్ళకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. ఏడాదికి 5,000 రూపాయల నిధి ఉంటుంది. చిన్న మొత్తమే, కానీ ఎలా ఖర్చు చేయాలో ఆ స్త్రీలే నిర్ణయిస్తారు. నేను చూసినంతలో మన పేటల సమితులలో పేర్లున్నాయి, సమావేశాలు లేవు. ఆశా కార్యకర్త రిజిస్టరు తెచ్చి సంతకాలు తీసుకుపోతుంది. రాయని కాగితం మీద సంతకం పెట్టడం ఎక్కడికి దారితీస్తుందో నాకన్నా బాగా తెలిసినవారు ఈ సభలో లేరు. మా చెల్లెమ్మలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ సమితిలో ఎవరున్నారో ఏఎన్ఎంను అడగండి. వచ్చే సమావేశం మీ ఇంటిలో పెట్టమనండి. తెల్లవారి కుళాయి వచ్చే వేళకు ఇన్‌స్పెక్టరును చివరి ఇంటికి రమ్మని, మీ ఎదుటనే చుక్కలు వేయమనండి. రంగు వస్తే సంతోషం. రాకపోతే ఆ తేదీ, ఆ వేళ మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

మగ్రిబ్‌కు ఇంకా ముప్పావు గంట ఉన్నది. జనన పత్రాలలో పేర్ల తప్పులున్నవారు ప్రతులు తెచ్చుకొని ఉంటే ద్వారం పక్కన బల్ల దగ్గరికి రండి. నేను అక్కడే కూర్చుంటాను. ముందుగా పెద్దవారిని, చంటిపిల్లల తల్లులను రానివ్వండి.